మంచినీళ్ల ట్యాంకు నుంచి ఉప్పునీళ్లకి మారాలా? మన డెల్టా ఇళ్లకి ఏది కుదురుతుంది

గప్పీలతో మొదలెట్టి మోలీలు, ఏంజెల్స్, ఆస్కార్లు అన్నీ అయ్యాక, ఇక ఉప్పునీళ్లలోకి దిగుదామనుకుంటున్నానండి, ఏ ట్యాంకు కొనమంటారు, ఏ చేపలు వెయ్యమంటారు అని ఈ ఏడాది నన్ను అడిగినవాళ్లు బానే ఉన్నారు. అమలాపురం నుంచి, నరసాపురం నుంచి, భీమవరం నుంచి, యానాం నుంచి కూడా. అందరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒకచోట రాసేస్తే మేలని కూర్చున్నాను. మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు, పదకొండేళ్లుగా మంచినీళ్ల ట్యాంకులు పెంచుతున్నాను, ఉప్పునీళ్లు మొదలెట్టి నాలుగేళ్లయింది.

ముందే చెప్పేస్తున్నాను, ఉప్పు కలపడం పెద్ద పనేం కాదు. అందరూ భయపడేది అక్కడే, కానీ మనల్ని నిజంగా ఇబ్బంది పెట్టేవి వేరే మూడున్నాయి. ఉప్పు కలపకముందు ఆ నీళ్లు ఎలాంటివి, ఏప్రిల్ మే ఎండల్లో ట్యాంకు ఎంత వేడెక్కుతుంది, కరెంటు పోతే ఏం చేస్తారు. ఈ మూడింటికి మీ ఇంట్లో ఏం జవాబుందో దాన్ని బట్టి ఎంచుకోండి, చేప అందంగా ఉందనో చేతిలో డబ్బులున్నాయనో ఎంచుకుంటే ఆర్నెల్లకి ఖాళీ ట్యాంకు అటక మీదకి ఎక్కుతుంది, అలా ఎక్కినవి నేను చాలా చూశాను.

ఇంకోటి, మారడం అంటే మంచినీళ్ల నుంచి నేరుగా పగడాల ట్యాంకులోకి దూకడం ఒక్కటే దారి అనుకుంటారు చాలామంది. నాలుగు దారులున్నాయండి. ఉన్న మంచినీళ్ల ట్యాంకునే ఇంకా బాగా చేసుకోవడం ఒకటి. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లలా సగం ఉప్పు సగం తీపిగా ఉండే బ్రాకిష్ ట్యాంకు రెండోది. పూర్తి సముద్రం ఉప్పుతో చేపలు మాత్రమే ఉండేది మూడోది, దాన్ని ఫిష్ ఓన్లీ అంటారు. చేపలతో పాటు పగడాలు, యానిమోన్లు (పువ్వుల్లా కనిపించే సముద్రజీవులు) కూడా ఉండే రీఫ్ ట్యాంకు నాలుగోది. యూట్యూబ్‌లో చూసి మనం మనసు పడేది నాలుగోదాని మీద, మన ఊళ్లకి చక్కగా సరిపోయేది మాత్రం రెండోది. ఎందుకో చెప్తాను.

డెల్టాలో పుట్టినవాళ్లకి ఈ విషయంలో ఒక సదుపాయం ఉంది. వేరే ఊళ్లలో కొత్తగా మొదలెట్టేవాళ్లకి సెలినిటీ (నీళ్లలో ఉప్పెంత) అంటే ఏంటి, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బొనేట్లు ఎంత) అంటే ఏంటి అని అ ఆ ల నుంచి నేర్పాలి. మన దగ్గర రొయ్యల చెరువు గట్టు మీద కాపలా ఉండే కుర్రాణ్ణి అడిగినా ఇవాళ నీళ్లు ఎన్ని పీపీటీ (వెయ్యి పాళ్ల నీళ్లలో ఎన్ని పాళ్లు ఉప్పు), పీహెచ్ ఎంత, తెల్లవారుజామున డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంతకి పడింది గడగడా చెప్పేస్తాడు. 2009లో వనామీ రొయ్యకి మన దేశంలో అనుమతి వచ్చినప్పటి నుంచి ఈ మాటలన్నీ మన ఇళ్లల్లో కూరగాయల పేర్లంత మామూలైపోయాయి. ఉప్పు కొలిచే నా మొదటి రిఫ్రాక్టోమీటర్ మా బాబాయి చెరువు దగ్గరిదే. ఒక చుక్క వేసి వెలుతురుకేసి పెట్టి చూస్తే లోపల నీలం తెలుపు కలిసే గీత ఏ అంకె మీద ఉందో అదే పీపీటీ. చెరువు దగ్గర తేమలో, ఎండలో పడి ఉన్నది కాబట్టి ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా చూపిస్తుందో లేదో సరిచూసుకోండి. 35 పీపీటీ రిఫరెన్స్ సొల్యూషన్ దొరికితే దాంతో సరిచూసుకోవడం ఇంకా నయం. నాది రెండు పాయింట్లు ఎక్కువ చూపించేది, అది తెలీక మొదటి నెల్లాళ్లు 33 నీళ్లని 35 అనుకుంటూ ఉన్నాను.

నీళ్ల టెస్టులకి మన ఊళ్లలో ఆక్వా ల్యాబులు ఉండనే ఉన్నాయి, సీసాతో నీళ్లు తీసుకెళ్తే చేసిస్తారు. రిపోర్టు చదివేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి, ల్యాబులో ఆల్కలినిటీ పీపీఎంలో ఇస్తారు, అక్వేరియం వాళ్లు డీకేహెచ్‌లో మాట్లాడతారు. ఒక డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం. కాబట్టి రీఫ్ వాళ్లు 8 ఉండాలి అంటే ల్యాబు లెక్కలో దాదాపు 143 అన్నమాట. కాల్షియం అంకె వచ్చినప్పుడు అది కాల్షియం లెక్కా, కార్బొనేట్ లెక్కా అని అక్కడే అడిగి తెలుసుకోండి, తేడా రెండున్నర రెట్లుంటుంది.

మాటలు ఒకటే అయినా అర్థాలు మారిపోయే చోటు కూడా ఉంది. వైట్ స్పాట్ అనగానే మనకి గుండె జారిపోతుంది, అది రొయ్యలకొచ్చే వైరస్, చెరువుకి చెరువే పోతుంది. అక్వేరియంలో వైట్ స్పాట్ అంటే వైరస్ కాదు, చేప ఒంటి మీద ఉప్పు రవ్వల్లా కనిపించే పరాన్నజీవి. అందులోనూ మంచినీళ్ల చేపకొచ్చేది ఒకటి, సముద్రం చేపకొచ్చేది ఇంకొకటి, పేరు ఒకటే గానీ పురుగు వేరు, మందు వేరు. మంచినీళ్లలో వేడి పెంచి, కాస్త ఉప్పేసి తగ్గించిన అనుభవం సముద్రం ట్యాంకులో పనికిరాదు, అక్కడ ఉన్నదే ఉప్పునీళ్లు కదా. కాపర్ మందు వాడాలి, దాన్ని వేరే చిన్న ట్యాంకులోనే వాడాలి, ఎందుకంటే కాపర్ తగిలితే రొయ్యలు, నత్తలు, పగడాలు ఏవీ బతకవు. ఇదే వరసలో ఇంకో జాగ్రత్త, ఇంట్లో రొయ్యలు ఉన్నాయి కదా అని చెరువు రొయ్య ముక్కలు పచ్చివి తెచ్చి, క్లీనర్ ష్రింప్ లాంటి అక్వేరియం రొయ్యలు ఉన్న ట్యాంకులో మేతగా వెయ్యకండి, ఆ వైరస్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించినా చావదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న, ఉన్న చేపల్నే మెల్లమెల్లగా ఉప్పుకి అలవాటు చెయ్యొచ్చా అని. పులస సంగతి మనకి తెలిసిందే, గోదారికి ఎర్రనీరు దిగేసరికి సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చేస్తుంది. అది అన్ని చేపలకీ చేతకాదు. మంచినీళ్ల చేప ఒంట్లో ఉప్పు బయట నీళ్లకంటే ఎక్కువ, అందుకని నీళ్లు దాని ఒంట్లోకి తోసుకొస్తూనే ఉంటాయి, అది వాటిని ఎప్పటికప్పుడు మూత్రంగా బయటికి పంపేస్తూ బతుకుతుంది. సముద్రం చేపకి సరిగ్గా తిరగబడి ఉంటుంది, ఒంట్లో నీళ్లు బయటికి లాగేస్తుంటాయి, అందుకని అది ఉప్పునీళ్లు తాగుతూనే ఉండాలి, తాగిన ఉప్పుని మొప్పల్లోంచి బయటికి నెట్టెయ్యాలి. ఏంజెల్‌కి, టెట్రాకి, గోల్డ్‌ఫిష్‌కి ఆ యంత్రాంగం లేదు, ఎంత నెమ్మదిగా ఉప్పు పెంచినా చచ్చిపోతాయి.

మోలీకి ఉంది. ఈ ఒక్క విషయం మొదటే తెలిసుంటే నాకు బోలెడు డబ్బులు మిగిలేవి. మెడికల్ షాపులో దొరికే సెలైన్ సెట్టు ఒకటి తెచ్చాను, ఉప్పునీళ్ల బకెట్ స్టూలు మీద, మోలీలున్న బకెట్ కింద పెట్టి, సెలైన్ సెట్టు చక్రం బిగించి సెకనుకి ఒక చుక్క పడేలా వదిలాను. కింద బకెట్లో నీళ్లు రెట్టింపయ్యేసరికి సగం తీసి పారబోసి మళ్లీ వదలడం. అలా రోజుకి కొంచెం పెంచుకుంటూ వారంలో 12 పీపీటీకి తెచ్చాను. ఆరు మోలీల్లో ఒక్కటి కూడా పోలేదు సరికదా, మూడో వారంలో పిల్లలు పెట్టాయి. ఆ నల్లటి పిల్లలు సూది మొన కంటే కాస్త పెద్దవి, రాళ్ల సందుల్లో దూరి తొంగి చూస్తుంటే, మంచినీళ్లలో ఎప్పుడూ నలతగా ఉండే మోలీలు ఇవేనా అనిపించింది. మన దగ్గర మోలీలు తరచూ రెక్కలు ముడుచుకుని ఒకచోటే ఊగుతుంటాయి కదా, చాలాసార్లు వాటికి కావాల్సింది మందు కాదు, ఉప్పూ మినరల్సూ ఉన్న నీళ్లు.

సరే, ఆ మూడు విషయాల్లో మొదటిది, నీళ్లు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన దగ్గర్నుంచి మన బతుకంతా కాలువ నీళ్ల మీదే. మంచినీళ్ల ట్యాంకుకి కాలువ నీళ్లు డ్రమ్ములో పట్టి ఒకరోజు తేరనిచ్చి వాడేస్తాం, ఏం కాదు. ఉప్పునీళ్ల ట్యాంకుకి ఉప్పు కలపడానికి ముందు నీళ్లలో ఏమీ ఉండకూడదు, ఎరువుల నైట్రేట్, ఫాస్ఫేట్ వస్తే గోడలంతా పాచి. బోరు నీళ్లు అంటారా, తీరం పక్క ఊళ్లలో అవి ముందే ఉప్పగా ఉంటాయి కానీ అది సముద్రం ఉప్పు పాళ్లలో ఉండదు. కాబట్టి ఆర్వో తప్పదు. వంటింట్లో వాడే ఆర్వో మెషిన్లలో చాలావాటికి రుచి కోసం మినరల్స్ తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) మీటరు పెట్టి చూడండి, 50 దాటితే మెకానిక్‌తో ఆ భాగానికి ముందు నుంచి ఇంకో పైపు తీయించుకోండి. బ్రాకిష్‌కి, ఫిష్ ఓన్లీకి 20, 30 టీడీఎస్ అయినా నెట్టుకొచ్చేయొచ్చు, రీఫ్‌కి మాత్రం సున్నాకి దగ్గరుండాలి, దానికి ఆర్వో తర్వాత మిగిలిన లవణాల్ని కూడా పట్టేసే డీఐ రెజిన్ గొట్టం కావాలి.

సముద్రం పక్కనే ఉంది కదా, అంతర్వేది వెళ్లి రెండు డ్రమ్ములు పట్టుకొచ్చేస్తే పోలా అని అడగనివాడు లేడు. అక్కడ వశిష్ఠ కలుస్తుంది. ఓడలరేవు దగ్గర వైనతేయ, యానాం దిగువన గౌతమి. వరదల్లో ఆ ఒడ్డున నీళ్లు బురద రంగులో, ఉప్పు చాలా తక్కువగా ఉంటాయి, ఎండాకాలంలో పెరుగుతాయి, ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండవు. దానికి తోడు చెరువులు దులిపిన నీళ్లు, పొలం మందులు అన్నీ చివరికి చేరేది ఆ మొగల్లోకే. ఇసుక కూడా అంతే, మన తీరం ఇసుకలో నల్ల ఖనిజం ఉంటుంది, అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి, ముళ్లులా లేచి అంటుకుంటుంది, పంపుల్లో ఉండేది అయస్కాంతమే కాబట్టి వెళ్లి వాటిని పట్టేస్తుంది. అక్వేరియం కోసం అమ్మే అరగొనైట్ (సున్నపు) ఇసుక కొనుక్కోండి, గోదారి ఇసుక మంచినీళ్ల ట్యాంకుకి ఉంచుకోండి.

ఉప్పు విషయానికొస్తే కల్లుప్పు పనికిరాదు, బ్రాకిష్‌కి కూడా పనికిరాదు. సముద్రం నీళ్లు ఎండి ఉప్పు గడ్డకట్టేటప్పుడు మెగ్నీషియం లాంటివి చాలావరకు ఆ మిగులు నీళ్లలోనే పోతాయి, మనకొచ్చేది దాదాపు సోడియం క్లోరైడే. అక్వేరియం కోసం అమ్మే మెరైన్ సాల్ట్ మిక్స్ కావాలి. లెక్క చూసుకోండి, లీటరుకి సుమారు 36 గ్రాములు. నాలుగడుగుల ట్యాంకులో ఇసుక, రాళ్లు పోగా 200 లీటర్లనుకుంటే మొదట ఏడు కేజీల పైన, తర్వాత వారానికి పదోవంతు నీళ్లు మార్చినా నెలకి దగ్గరదగ్గర మూడు కేజీలు. అదే 12 పీపీటీ బ్రాకిష్ అయితే మూడోవంతు ఉప్పుతో అయిపోతుంది. మొదటి ఏడాది ఆ తేడా పెద్దగా అనిపించదు, రెండో ఏడాది తెలుస్తుంది.

నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరవ్వదు, ఇది అందరికీ తెలిసీ అందరూ తప్పు చేసే చోటు. 200 లీటర్లలో పది లీటర్లు ఆరిపోతే 35 ఉన్నది 36.8 అయిపోతుంది. తగ్గినంత మేరా ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పొయ్యాలి, రోజూ పొయ్యాలి. ట్యాంకు అద్దం మీద మార్కర్‌తో గీత గీసుకోండి, పొద్దున్న కాఫీ తాగేటప్పుడు ఆ గీత దాకా పోసేస్తే అయిపోతుంది.

రెండోది వేడి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది ఇదే. సముద్రం చేపలకి 24 నుంచి 27 డిగ్రీలు బావుంటుంది. మే నెలలో మన ఇళ్లల్లో ట్యాంకు నీళ్లు 31, 32కి పోతాయి. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఉప్పు పెరిగినా తగ్గుతుంది, రెండూ కలిసొస్తాయి. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే సముద్రం నీళ్లు 6.7 మాత్రమే పట్టుకుంటాయి. చెరువులో తెల్లవారుజామున ఏరేటర్లు ఎందుకు ఆపరో మనకి తెలుసు కదా, ఇదీ అదే. పీహెచ్ కూడా సముద్రం ట్యాంకులో 8.1 నుంచి 8.4 ఉంటుంది, అక్కడ అమ్మోనియాలో విషంగా మారే వాటా పీహెచ్ 7 దగ్గర కంటే పది రెట్లు పైనే. మంచినీళ్లలో కొంచెం అమ్మోనియా ఉన్నా నెట్టుకొచ్చిన చేపలుంటాయి, ఇక్కడ ఆ చనువు లేదు.

ట్యాంకు పైన చిన్న ఫ్యాన్లు పెడితే ఎండ పొడిగా ఉండే ఊళ్లలో నాలుగైదు డిగ్రీలు లాగేస్తాయంటారు, మన ఉక్కలో రెండు, మహా అయితే మూడు తగ్గుతాయి. గాలిలోనే అంత తేమ ఉంటే నీళ్లు ఎక్కడ ఆరతాయి. కాబట్టి సముద్రం చేపలు అంటే ఏసీ వేసే గది కానీ చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మెషిన్) కానీ ముందే అనుకోండి. బ్రాకిష్ చేపల సంగతి వేరు, అవి ఏటి మొగల్లో, ఉప్పుటేర్లలో పోటు వచ్చినప్పుడు ఉప్పు, పాటు తీసినప్పుడు చప్ప, మధ్యాహ్నం వేడి, రాత్రి చలవ అన్నీ భరించే రకాలు, 29, 30 దగ్గర మామూలుగా తిరుగుతాయి. నేను బ్రాకిష్ అని ఇంతగా చెప్పేది అందుకే.

మూడోది కరెంటు. రెండో ఏడాది మే నెలలో ఒక రాత్రి రెండున్నరకి పోయింది, మా ఇన్వర్టరుకి ఫ్యాన్లు, లైట్లే కలిపి ఉన్నాయి, ట్యాంకు లైను కలపలేదు. నాకు మెలకువొచ్చేసరికి మూడుంపావు. సముద్రం ట్యాంకులోకి టార్చి వేసి చూస్తే రెండు క్లౌన్ చేపలు పైకొచ్చి మూతి నీళ్ల అంచుకి ఆనించి, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి, గోబీ చేప రాయి కింద పక్కకి ఒరిగిపోయి ఉంది. థర్మామీటరు 31.5. మా ఆవిడ గిన్నె తెచ్చి నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి పొయ్యడం మొదలెట్టింది, నేను ఫ్రిజ్‌లో గడ్డకట్టిన లీటరు సీసాలు రెండు తెచ్చి తేల్చాను. ఒకరు అలిసిపోతే ఒకరం, ఐదింటిదాకా అలా పోస్తూనే ఉన్నాం. క్లౌన్లు బతికాయి, గోబీ పోయింది. పొద్దున్న ఎలక్ట్రీషియన్ని పిలిచి పంపు లైను ఇన్వర్టరుకి కలిపించాను, పక్కన బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి వేలాడదీశాను. తుపాను వస్తే గంటల లెక్క ఉండదు, 1996 నవంబర్ తుపాను తర్వాత కోనసీమలో ఎన్నాళ్లు చీకట్లో గడిపారో మన పెద్దవాళ్లని అడగండి. చెరువున్న ఇళ్లల్లో జనరేటర్ ఎలాగూ ఉంటుంది, అది లేనివాళ్లు రీఫ్ జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక్కోటి. మంచినీళ్లలోనే ఉండిపోవడం తక్కువేం కాదు. మీ ట్యాంకులో ఏడాదిపాటు చేప చావకుండా, అమ్మోనియా సున్నా తప్ప ఇంకో అంకె రాకుండా నడపలేదంటే ఉప్పునీళ్లకి ఇంకా టైముందని అర్థం, అదే ట్యాంకులో మొక్కలు వేసి చూడండి, మొక్కల ట్యాంకు బాగా కుదిరితే రీఫ్‌లో ఉండే ఓపిక సగం వచ్చేసినట్టే.

బ్రాకిష్‌లో మొదలెట్టేవాళ్లకి మోలీలు, ఆరెంజ్ క్రోమైడ్, బంబుల్‌బీ గోబీ. ఆరెంజ్ క్రోమైడ్ మన దేశపు చేపే, మూడంగుళాలు దాటి పెద్దగా పెరగదు, జత కట్టి పిల్లల్ని పెంచే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. ఆర్చర్ చేపలు పైకి నీళ్లు చిమ్మి పురుగుల్ని కొడతాయి, అద్దం పైన చీమ పాకినా గురి చూస్తాయి, కానీ వాటికి నాలుగడుగుల ట్యాంకు తక్కువ కాకూడదు. మోనో, స్కాట్ షాపులో రూపాయి బిళ్లంత ఉన్నప్పుడు ముద్దొస్తాయి, స్కాట్ అడుగు దాకా పెరుగుతుంది, చూసుకుని కొనండి. చెన్నైలో ఉప్పునీటి చేపల మీద పని చేసే సీబా సంస్థ ఈ మోనోల్ని, స్కాట్లని హేచరీలో పిల్లలు చేయించింది కూడా, హేచరీ పిల్లలు దొరికితే అవే తీసుకోండి. ఉప్పుటేట్లో వల వేసి పట్టినవి వద్దు, ఒంటినిండా పురుగులుంటాయి, వల దెబ్బలుంటాయి. కోరింగ మడ అడవుల్లో బురద మీద గెంతే చేపల్ని చూసి పట్టుకొచ్చేద్దామని మనసవుతుంది, అది అభయారణ్యం, అక్కడ ఏదీ పట్టకూడదు.

మోలీల్ని నేను బకెట్లో వారంలోనే మార్చాను గానీ, నడుస్తున్న ట్యాంకులో ఉప్పు వారానికి రెండు మూడు పీపీటీ కంటే ఎక్కువ పెంచకండి, చేప కోసమే కాదు, ఫిల్టర్లో ఉన్న బ్యాక్టీరియా కూడా మెల్లగా మారాలి. ఒకేసారి పెంచితే ఆ బ్యాక్టీరియా దెబ్బతిని అమ్మోనియా లేస్తుంది, కొత్త ట్యాంకు పెట్టినట్టే అవుతుంది.

ఫిష్ ఓన్లీ అంటే ఇక్కడ్నుంచి ఖర్చు, ఓపిక రెండూ మారతాయి. నాకు నాలుగడుగుల ట్యాంకుకి చిల్లర్ కాకుండానే మొదటి ఏడాది 40 వేలు దాటింది, అదే సైజు మంచినీళ్లది 12 వేలలో అయిపోయింది. పాత ట్యాంకు అద్దం వాడుకోవచ్చు, అందులో ఎప్పుడూ కాపర్ మందు వెయ్యకపోతేనే. రాళ్లు, దుంగలు, మొక్కలు, ఇసుక ఏవీ పనికిరావు. ప్రోటీన్ స్కిమ్మర్ కొత్తగా కొనాలి, ఉప్పునీళ్లలో బుడగలు సన్నగా వస్తాయి కాబట్టి నురగతో పాటు మురికి కప్పులోకి ఎక్కుతుంది, మంచినీళ్లలో అది సరిగ్గా పని చెయ్యదు. స్టాండు ఇనుపదైతే పెయింటు గట్టిగా వేయించండి, ఉప్పు పాకుతుంది, ప్లగ్గు బోర్డు ట్యాంకు కంటే పైన పక్కగా ఉండాలి, వైరు ఒకసారి కిందకి వంగి పైకెళ్లాలి, అప్పుడు జారిన నీటిచుక్క బోర్డులోకి పోకుండా కింద పడుతుంది.

నీళ్లు కలిపాక చేప లేకుండా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి, అమ్మోనియా పెరిగి తగ్గి, నైట్రైట్ పెరిగి తగ్గి, నైట్రేట్ కనపడాలి, దీన్నే సైకిల్ అంటారు. మధ్యలో రాళ్లన్నీ గోధుమరంగు పాచి కడతాయి, కంగారు పడి తోమకండి, దానంతటదే పోతుంది. ఆ తర్వాత ఒక జత ఒసెల్లారిస్ క్లౌన్. యానిమోన్ లేకపోయినా అవి హాయిగా బతుకుతాయి, ఈ మాట చెప్పకుండా రెండూ కలిపి అంటగట్టే షాపులున్నాయి. మన దేశంలో సముద్రం చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్ఆర్ఐ సంస్థ వాళ్లు క్లౌన్లని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో తెచ్చారు కాబట్టి ట్యాంకులో పుట్టినవే అడగండి, మేత వెంటనే తింటాయి. డామ్సెల్ చవగ్గా వస్తుంది, గట్టిది కూడా, కానీ ముందు దాన్ని వేస్తే తర్వాత వచ్చినవాటిని బతకనివ్వదు. నీలం టాంగ్ కావాలని పిల్లలు ఏడుస్తారు, అది అడుగు దాకా పెరిగే చేప, ఆరడుగుల ట్యాంకు లేకుండా తేకండి, మా అమ్మాయికి నేనూ అదే చెప్పాను, అర్థం చేసుకుంది. 200 లీటర్ల మంచినీళ్లలో పాతిక చేపలు తిరిగితే ఇందులో నాలుగైదే.

రీఫ్ గురించి ఎక్కువ రాయను, రెండు మాటలు. లైటు, డోసింగ్ (పగడాలకి కావాల్సిన కాల్షియం లాంటివి కొలిచి పొయ్యడం), రోజూ ఆల్కలినిటీ చూడటం ఇవన్నీ నేర్చుకోవచ్చు. చట్టం సంగతి మాత్రం ముందు తెలుసుకోండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద గట్టి పగడాలు, సముద్రపు గుర్రాలు రక్షిత జీవులు, వాటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. లైవ్ రాక్ పేరుతో అమ్మేది చాలాసార్లు పగడపు రాయే, చచ్చినదైనా అదే లెక్క. ఎవరో తెచ్చిస్తానంటే వద్దనండి. సెరామిక్ రాళ్లు దొరుకుతాయి, పది లీటర్లకి కేజీ చొప్పున వేసుకుంటే బ్యాక్టీరియా బాగానే పడుతుంది.

నన్నడిగితే, ఇంట్లో ఆర్వో ఉండి ఇన్వర్టరు ఉండి ఏసీ గది లేకపోతే బ్రాకిష్. ఈ మూడూ ఉండి, వారానికి ఒక పూట పక్కన పెట్టగలిగితే ఫిష్ ఓన్లీ, అదీ కనీసం నాలుగడుగులు, చిన్న ట్యాంకులో ఉప్పు, వేడి రెండూ గంటల్లో మారిపోతాయి కాబట్టి చిన్నదాంతో నేర్చుకుందాం అనుకోకండి. రీఫ్ అంటే ఫిష్ ఓన్లీ రెండు ఎండాకాలాలు దాటాక మాట్లాడుకుందాం. ఏదైనా సరే ఏప్రిల్‌లో మొదలెట్టకండి, వరదలు తగ్గి చలి మొదలయ్యే నవంబర్, డిసెంబర్‌లో పెట్టుకుంటే సైకిల్ పూర్తయి చేపలు కుదురుకున్నాక ఎండలొస్తాయి, అప్పటికి మీ చెయ్యీ కుదురుతుంది.

నా బ్రాకిష్ ట్యాంకులో ఇప్పుడు 14 పీపీటీ ఉంది, క్రోమైడ్ జత మొన్న మళ్లీ గుడ్లు పెట్టి కుండపెంకు కింద కాపలా కాస్తున్నాయి. కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడ్డాయి, ఆ తర్వాత ఆర్వోకి వచ్చే నీళ్లే మారిపోతాయి, మీలో ఈపాటికే ట్యాంకు ఉన్నవాళ్లు ఈ వారంలోనే రెండు డ్రమ్ములు ఆర్వో నీళ్లు పట్టి మూత పెట్టి ఉంచుకోండి.